తనంతట తానే అల్లుకునే పంజరం

"నాకు ప్లాటినం ఎక్కిస్తున్నారుటే! మెళ్లో వేసుకునే యోగం ఎలాగూ లేదు, నరాల్లోనైనా పారనీ" అని నవ్వింది మా పిన్ని. అండాశయ క్యాన్సర్‌కి కీమోథెరపీ మొదలైన రోజది. మందు పేరు సిస్‌ప్లాటిన్. ముందూ వెనకా అన్ని సెలైన్ సీసాలెందుకని అడిగితే, "కిడ్నీలు దెబ్బతినకుండా" అంది నర్సు.

పిన్ని బతికి బయటపడింది. కానీ కొన్నాళ్లకి వంటింట్లో పొయ్యి పక్కనే నిలబడి, "కుక్కర్ ఇంకా కూయలేదేమే?" అంది. అప్పటికి నాలుగు కూతలయ్యాయి! ఈ మందుతో సన్నటి, కీచుమనే శబ్దాలే ముందు వినపడకుండా పోతాయిట.

ప్రాణం పోసిన మందు చెవులెందుకు తీసుకుపోవాలి? ఆ ప్రశ్నతోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

సిస్‌ప్లాటిన్‌ని మందుగా కనిపెట్టడం ఓ విచిత్రం. 1960లలో అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, బాక్టీరియా మీద కరెంటు ప్రభావం చూద్దామని ప్లాటినం కడ్డీలు పెట్టాడు. బాక్టీరియా రెండుగా చీలడం మానేసి దారాల్లా సాగిపోయింది. కారణం కరెంటు కాదు, కడ్డీల నుంచి కరిగిన ప్లాటినం! విభజన ఆపేదైతే క్యాన్సర్‌నీ ఆపుతుందేమోనని ఎలుకల మీద చూశారు. 1978లో అమెరికాలో మందుగా అనుమతి వచ్చింది. అది కణంలోని డిఎన్‌ఎకి అతుక్కుని పనిచేస్తుంది. అయితే జబ్బు కణమేదో, మంచి కణమేదో దానికి తెలియదు. చిక్కంతా అక్కడే.

మరి మందుని దాచి తీసుకెళ్తేనో? ఇక్కడికొస్తాయి పంజరాలు.

తాటాకు బుట్టకైనా అల్లే చెయ్యి కావాలి గదా. ఈ పంజరానికి అక్కర్లేదు. మూలల్లో లోహ పరమాణువులు, మధ్య కడ్డీల్లా కర్బన అణువులు. లోహం ఫలానా కోణంలోనే చెయ్యి చాస్తుంది కాబట్టి, ద్రావణంలో కలిపితే వాటంతట అవే సర్దుకుంటాయి. 1990లో జపాన్ శాస్త్రవేత్త మకోతో ఫుజిటా పల్లాడియం మూలలతో ఇలాగే ఓ చతురస్రం తయారుచేశాడు. తర్వాత లోపల బోలుగా ఉండే పంజరాలూ వచ్చాయి. మన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోనూ పార్థసారథి ముఖర్జీ బృందం ఇలాంటివి చేస్తోంది.

2008లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు ఆరు రుథేనియం పరమాణువుల పంజరంలో, నీళ్లలో కరగని పల్లాడియం సమ్మేళనాన్ని కూర్చోబెట్టి అండాశయ క్యాన్సర్ కణాల మీద వదిలారు. ఖాళీ పంజరం కంటే నిండు పంజరం ఎక్కువగా పనిచేసింది. దానికి వాళ్లు ట్రోజన్ గుర్రమని పేరు పెట్టారు. 2012లో న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్లయితే ఏకంగా సిస్‌ప్లాటిన్‌నే దాచారు, ఒక్కో పంజరంలో రెండేసి అణువులు!

ఇదంతా పిన్నికి చెబితే ఉల్లిపాయలు తరుగుతూ వింది. రెండుసార్లు గట్టిగా చెప్పాల్సి వచ్చింది లెండి. "బావుందే. మరి దారిలోనే తెరుచుకుంటేనో?" అంది.

నేను అవాక్కయ్యాను. శాస్త్రవేత్తల తలనొప్పీ అదే మరి! ఒటాగో పంజరం క్లోరైడ్ తగిలితే విచ్చుకుంటుంది. క్లోరైడ్ ఉప్పులో ఉండేదే, మన రక్తంలోనూ బోలెడుంది. పంజరం గట్టిగా ఉంటే చాలదు, తెరుచుకోవాల్సిన చోట తెరుచుకోవాలి. పైగా ఆ లోహాలూ ఒంటికి కొత్తవే. కొన్ని పంజరాలు మంచి కణాలనీ చంపుతున్నాయి.

అందుకే ఈ పంజరాల్లో ఏదీ ఇంకా క్యాన్సర్ మందుగా అనుమతి పొందలేదు. ఎవరైనా అమ్మజూపితే కొనకండి. డాక్టరు రాసిన మందు దీనికోసం ఆపకండి. సిస్‌ప్లాటిన్ వాడుతున్నవాళ్లు చెవుల్లో హోరుమన్నా, మాటలు సరిగా వినపడకపోయినా వెంటనే డాక్టరుకి చెప్పాలి. మా పిన్ని చెప్పలేదు. వయసు మీద పడిందనుకుందిట.