వెయ్యికి అరవై తొమ్మిది తరుగు!

తరుగు అంటే ఏంటో మా చిలకలూరిపేటలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పత్తి అమ్ముకున్న ప్రతి ఇంటికీ తెలుసు. మొన్న సెలవుకి ఊరెళ్తే, పెళ్లి వీడియోలు తీసే మా పెదనాన్నగారబ్బాయి అదే మాట అన్నాడు. "చూడరా తమ్ముడూ, డబ్బా మీద ఒక టీబీ అని ఉంది. కంప్యూటర్‌కి పెడితే 931 జీబీ! షాపోడు వెయ్యికి అరవై తొమ్మిది తరుగు తీశాడు." అప్పటికే షాపుకెళ్లి నాలుగు మాటలు అనేసి వచ్చాడు కూడా.

అన్నయ్య కంగారు ఊరికే కాదు. పాత పెళ్లిళ్లన్నీ కలిపి 940 జీబీ. వాటిని కొత్త డిస్కులోకి మార్చి కంప్యూటర్ ఖాళీ చేస్తేగానీ మర్నాటి పెళ్లి ఎక్కించుకోలేడు.

"అన్నా, షాపాయన తప్పేం లేదు" అన్నాను. డిస్కు కంపెనీ లెక్కలో టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు. విండోస్ అవే బైట్లని 1024తో మూడుసార్లు భాగించి, వచ్చినదాన్నీ జీబీ అనే అంటుంది. సరుకు అంతే ఉంది, కొలపాత్ర మారింది. కిలో దగ్గర ఈ తేడా నూటికి రెండున్నర లోపే. జీబీకి ఏడు దాటింది, టీబీకి దాదాపు పది.

కంప్యూటర్ మెమరీ రెట్టింపుల మీద నడుస్తుంది. రెండుని పదిసార్లు హెచ్చవేస్తే 1024. వెయ్యికి దగ్గరే కదా అని కిలో అనేశారు. మా నాయనమ్మ కొలతలూ రెట్టింపులే: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కాకపోతే ఆవిడ కుంచాన్ని కిలో అనలేదు.

మన రూపాయికీ ఈ చిక్కు వచ్చింది. పాత రూపాయికి 64 పైసలు. 1957 ఏప్రిల్ 1 నుంచి వంద. రెండూ పైసలే అయితే బజార్లో కొట్లాటలే! అందుకే కొత్తదాన్ని 'నయా పైసా' అన్నారు. జనానికి అలవాటయ్యాక 1964లో 'నయా' తీసేశారు.

కంప్యూటర్లకీ అలాంటి పేర్లున్నాయి. 1024 లెక్కకి కిబి, మెబి, గిబి అని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లోనే ఖాయం చేసింది. పలకడానికి చంటిపిల్లల మాటల్లా ఉన్నాయని మా ఆఫీసులోనూ నవ్వుతారు. నవ్వినా సరే, మెమరీకి గిబి, డిస్కుకి గిగా అని రాయడమే నా పద్ధతి. ఆపిల్ 2009లో మ్యాక్‌లో డిస్కు లెక్కని వెయ్యికి మార్చేసింది. విండోస్ 1024తో లెక్కేసుకోనీ, పక్కన గిబి అని రాస్తే చాలు, ఏ షాపాయనా తిట్లు తినక్కర్లేదు.

మిగిలిన తొమ్మిదీ కొంచెం నా పెన్‌డ్రైవ్‌లో పట్టాయి. పొద్దున్నే పెళ్లికి వెళ్తూ అన్నయ్య షాపు ముందు బండాపి, లోపలికెళ్లి వచ్చాడు. ఏమన్నాడో నాకు చెప్పలేదు.