ఐదో పూస దగ్గర

గెర్దాన్ అనే మాట మొదటిసారి విన్నప్పుడు నాకు మా మెహిదీపట్నం మటన్ కొట్టు గుర్తొచ్చింది. అక్కడ మెడ దగ్గరి ముక్కల్ని గర్దన్ అంటారు. నవ్వకండి, రెండూ ఒకటే మాట. ఫార్సీలో గర్దన్ అంటే మెడ. ఇటు ఉర్దూతో పాటు హైదరాబాదుకొచ్చింది. అటు టర్కిష్, రొమేనియన్ల మీదుగా కార్పాతియన్ కొండలకి చేరి ఉక్రెయిన్ వాళ్ళ పూసల హారం పేరైంది.

హారం అంటే మన దండలా ఒక్క దారానికి గుచ్చేది కాదు. సన్నటి గాజుపూసలతో నేసిన పట్టీ. మెడకి అటో పట్టీ ఇటో పట్టీ దిగి, గుండెల మీద కలిసి వెడల్పాటి పతకంలా అవుతాయి. దీని చెల్లెలు సిల్యాంకా, వలలా అల్లి మెడకి దగ్గరగా పెట్టుకునేది. లెమ్కోలని ఇంకో కొండజనం ఉన్నారు, వాళ్ళది భుజాల మీద పరుచుకునే గుండ్రటి కాలర్. ఇదంతా ఆడవాళ్ళ సింగారమే అనుకోకండి, హుత్సుల్ మగవాళ్ళ టోపీల చుట్టూ కూడా పూసల పట్టీలుండేవి.

ఉక్రెయిన్ అంతటా ఈ పని ఒకేలా లేదు. పశ్చిమాన ఉన్న గలీసియా, బుకొవీనా ప్రాంతాలదే పైచేయి. ఆ రెండూ 1772, 1775లలో ఆస్ట్రియా చేతికి వెళ్ళి 1918 దాకా ఆ ఏలుబడిలోనే ఉన్నాయి. గాజుపూసలకి పేరుపడ్డ బొహీమియా కూడా అదే రాజ్యంలో ఉండేది. దాంతో పూసలు కొండ పల్లెల సంతల దాకా వచ్చాయి. దారం దొరక్కపోతే గుర్రపు వెంట్రుకకి గుచ్చేవాళ్ళు. (పూసల తయారీ మనకీ కొత్త కాదు. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో కరిగిన గాజుని సన్నటి గొట్టంలా సాగదీసి ముక్కలు కోసి పూసలు చేసేవాళ్ళు. బొహీమియా పూస వెనక ఉన్న సూత్రమూ అదే.) 1891 నుంచి కెనడాకి వలస వచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఈ రెండు ప్రాంతాల వాళ్ళే కాబట్టి పూసలూ సముద్రం దాటాయి. న్యూయార్క్‌లో 1976లో పెట్టిన ఉక్రేనియన్ మ్యూజియంలో కూడా ఈ పని నేర్పించారు.

నేను చూసింది మాత్రం న్యూజెర్సీలో, మా ఊళ్ళోని ఒక హాల్లో, శనివారం పూట. మా అమ్మాయి ఫ్రెండు వెళ్తుంటే ఇదీ వెంటపడింది. డ్రైవర్ని నేను. రెండో వారం నుంచి కార్లో కూర్చుని ఫోన్ చూడ్డం మానేసి లోపలే కూర్చుంటున్నాను.

టీచరుగారు 2022లో ఇవానో-ఫ్రాన్కివ్‌స్క్ వైపు నుంచి వచ్చారు. పిల్లలు 'పానీ' అంటారు, మేడమ్ లాంటి మాట. మనకి నీళ్ళు గుర్తొస్తాయి, ఏం చేస్తాం! ముందు అందరికీ తలా ఓ చెక్క ఫ్రేము ఇచ్చారు. తొమ్మిది పూసల వెడల్పు కావాలంటే పడుగు దారాలు పది ఉండాలి. సూదికి తొమ్మిది పూసలెక్కించి, పడుగు కిందనుంచి తీసుకెళ్ళి, ఒక్కో పూస రెండు దారాల సందులో కూర్చునేలా వేలితో పైకి నొక్కాలి. తర్వాత సూదిని పడుగు పైనుంచి అవే పూసల్లోంచి వెనక్కి లాగాలి. అంతే, ఒక వరస. పది నంబరు పూస మందం రెండు మిల్లీమీటర్లకి కాస్త ఎక్కువ. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది.

ఆ గదిలో రెండు రకాల పిల్లలున్నారు. కొందరు ఇక్కడే పుట్టారు. వాళ్ళ ముత్తమ్మమ్మల గెర్దాన్‌లు ఇంట్లో బీరువాలో ఉన్నాయి, నోట్లో మాత్రం ఉక్రేనియన్ నాలుగు ముక్కలు లేదు. మిగతావాళ్ళు యుద్ధం వల్ల పొల్తావా లాంటి చోట్ల నుంచి వచ్చారు. వాళ్ళకి భాష ఉంది, పూసలు తెలీవు. అటువైపు పగడాల దండలదే పేరు. టీచరుగారు వీళ్ళనొకరు వాళ్ళనొకరు చొప్పున పక్కపక్కన కూర్చోబెడతారు. మాట వచ్చినవాళ్ళు డిజైన్ కాగితం చూసి పైకి చదవాలి, రెండోవాళ్ళు గుచ్చాలి. కాసేపటికి తిప్పుతారు. కాగితం చూసి సొంతంగా కుట్టేసే పిల్లల దగ్గర్నుంచి కాగితం లాక్కోవడం కూడా చూశాను.

ఆ లెక్కలో ఒక చమత్కారం ఉంది. ఒద్నా నమిస్తినా అంటే ఒక పూస. రెండు, మూడు, నాలుగు దాకా 'నమిస్తినీ'. ఐదు రాగానే మాట తెగి 'నమిస్తిన్' అవుతుంది. వ్యాకరణం పుస్తకంలో పెట్టి నేర్పితే పిల్లలు పారిపోతారు. ఇక్కడ ఎరుపు నాలుగు, నలుపు ఐదు అని పాతిక వరసలు గుచ్చేసరికి ఇక్కడ పుట్టిన పిల్లలకి ఐదు దగ్గర నాలుక దానంతటదే మళ్ళుతోంది. ఐదున్నర మాటలు రాని పిల్లాడు పక్కమ్మాయి "ఐదు నమిస్తినీ" అని తప్పు చెబితే దిద్దడం నా చెవులతో విన్నాను.

నాకు వెంటనే మన పిల్లలు గుర్తొచ్చారు. మనకీ లెక్కలో ఇలాంటి మెలిక ఉంది కదా, రెండు పుస్తకాలు, ఇద్దరు అక్కలు. మా ఇంట్లో "రెండు అక్కలు వచ్చారు" అని వినబడుతుంది. మనం వేమన పద్యాలు బట్టీ పట్టించి స్టేజీ ఎక్కిస్తాం, వీడియో తీస్తాం. తప్పని అనను, నేనూ చప్పట్లు కొట్టినవాణ్ణే. కానీ తెలుగు రాకపోతే చేతిలో పని ఆగిపోతుందనే అవసరం మనం వాళ్ళకి ఎక్కడా కల్పించలేదు. పూసగుచ్చినట్టు చెప్పడం అనే మాట మనదే, గుచ్చేది మాత్రం వాళ్ళు.

ఇంకో సంగతి. వరసలో పూస ఎక్కువైతే పట్టకారుతో చిదిమెయ్యొచ్చు, దారం తెగకుండా జాగ్రత్తపడితే చాలు. తక్కువైతే మాత్రం దారిలేదు, అక్కడిదాకా విప్పాల్సిందే. టీచరుగారు పెద్దవాళ్ళకి పట్టకారు ఇస్తారు, పిల్లలకి ఇవ్వరు. ఎందుకని అడిగితే, పెద్దవాళ్ళకి హారం కావాలి, పిల్లలు రెండోసారి లెక్కపెట్టాలి అన్నారు.

మా అమ్మాయి పట్టీ ఇప్పటికి ముప్ఫై వరసలయింది. అక్కడ ఉక్రేనియన్‌లో పూసలు లెక్కపెడుతుంది. ఇంటికొచ్చాక వరసలు తెలుగులో లెక్కపెట్టి నాకు చూపించాలని షరతు పెట్టాను. పద్దెనిమిది దాకా గడగడా వస్తోంది. పంతొమ్మిది దగ్గర ఆగి నా మొహం చూస్తోంది. నేను చెప్పట్లేదు.