చదరంగపు సాఫ్టువేరు ఎంపిక

చదరంగము ఆడుటకు, ఆడిన ఆటలను విశ్లేషించుటకు ఉపయోగపడే కంప్యూటరు ప్రోగ్రామును చదరంగపు సాఫ్టువేరు అంటారు. 1997 మే నెలలో ఐబీఎం సంస్థ నిర్మించిన డీప్ బ్లూ, అప్పటి ప్రపంచ విజేత గారీ కాస్పరోవ్‌ను 3.5 - 2.5 తేడాతో ఓడించినది. అది ప్రత్యేకముగా తయారుచేసిన యంత్రము. 2006లో వ్లదీమిర్ క్రామ్నిక్‌ను 4 - 2 తేడాతో ఓడించిన డీప్ ఫ్రిట్జ్ మాత్రము బజారులో దొరికే ప్రోగ్రామే. ఆ పోటీ రెండవ ఆటలో ఒక్క ఎత్తులో పడే ఆటకట్టును క్రామ్నిక్ గమనించలేకపోయాడు. నేడు మొబైలు ఫోనులోని ఇంజను సైతము గ్రాండ్‌మాస్టర్లను మించినది. కావున ఏది అన్నిటికంటె బలమైనది అనుదాని కంటె, తన అవసరమునకు ఏది తగినది అనునదే ఆటగానికి ముఖ్యము.

ఇంజను, తెర

ఎత్తులను లెక్కించే భాగమును ఇంజను అంటారు. బల్లను, పావులను తెరపై చూపే భాగము వేరు. 2008లో మొదలైన స్టాక్‌ఫిష్ ఇంజనును దిగుమతి చేసుకొని తెరచినచో బల్ల కనబడదు, ఆదేశములు టైపుచేసే కిటికీ మాత్రమే కనబడును. ప్రోగ్రాము పాడైనదని కొత్తవారు భ్రమపడుట కద్దు. ఎరీనా వంటి ఉచిత ప్రోగ్రాములో దానిని జతచేసుకొనవలెను. 2000లో వెలువడిన యూసీఐ అను ఉమ్మడి పద్ధతి వలన ఇది సాధ్యమైనది.

బలము, యంత్రము

ఇంజన్లను ఒకదానితో నొకటి ఆడించి రేటింగు జాబితాలు తయారుచేస్తారు. ఈ అంకెలను మనుషుల ఫిడే రేటింగుతో పోల్చరాదు. జాబితా పైభాగములో ఇరవై పాయింట్ల తేడా సామాన్య ఆటగానికి అనుభవములోకి రానే రాదు. 2018లో ఆరంభమైన లీలా చెస్ జీరో పూర్తి బలముతో ఆడుటకు మంచి గ్రాఫిక్సు కార్డు కావలెను. అది లేనివారికి స్టాక్‌ఫిష్ మేలు. 2020లో వచ్చిన దాని 12వ కూర్పు నుండి అందులోని న్యూరల్ నెట్‌వర్కు సాధారణ ప్రాసెసరు పైననే పనిచేయును. అంతిమ దశ పట్టికలలో ఐదు పావుల వరకు గలవి దాదాపు 1 గిగాబైటు, ఆరింటి వరకు దాదాపు 150 గిగాబైట్లు. విద్యార్థికి మొదటివి చాలును.

అభ్యాసము

ఇంజను చూపే అంకెను అపార్థము చేసుకొనుట పెద్ద ప్రమాదము. పూర్వము +1 అనగా ఇంచుమించు ఒక బంటు ఆధిక్యము. స్టాక్‌ఫిష్ 15.1 (2022) నుండి +1 అనగా సమాన బలముగల ఇంజనుపై గెలుపు అవకాశము సగము. అంతేకాని, ఆ స్థితిలో విద్యార్థి గెలుచునని కాదు. ఏ ఎత్తు మంచిదో ఇంజను చెప్పును, ఎందుకు మంచిదో చెప్పదు. అందుచేత రెండు మూడు ఎత్తులను పక్కపక్కన చూపే సదుపాయము తప్పక ఉండవలెను. బలము తగ్గించిన ఇంజను పది ఎత్తులు గొప్పగా ఆడి, హఠాత్తుగా ఏనుగును ఊరకనే వదలివేయును. మనుషులు అట్లు ఆడరు. మనుషుల ఆటలతోనే శిక్షణ పొందిన మాయా (2020) ఈ విషయములో నయము.

ధర

స్టాక్‌ఫిష్, లీలా, మాయా ఉచితములు. స్టాక్‌ఫిష్ ఆధారముగా చేసిన ఫ్యాట్ ఫ్రిట్జ్ 2ను చెస్‌బేస్ సంస్థ అమ్మగా, లైసెన్సు షరతుల ఉల్లంఘన జరిగినదని స్టాక్‌ఫిష్ రూపకర్తలు 2021లో జర్మనీలో దావా వేశారు; 2022లో రాజీ కుదిరినది. డబ్బు చెల్లించువారు ఇంజనుకు గాక ఆటల భాండారము, పాఠములు, తెర సౌకర్యము చూసి చెల్లించుట ఉచితము.