చెరువును మింగే గుర్రపుడెక్క: అపోహలు – వాస్తవాలు

కృష్ణా, గోదావరి డెల్టా కాలువల్లో, కొల్లేరులో, హైదరాబాద్ చెరువుల్లో ఎక్కడ చూసినా గుర్రపుడెక్కే. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నాం గనుక ఇది మన నేల మొక్కే అనుకుంటాం. నిజానికి దీని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని అమెజాన్ పరీవాహక ప్రాంతం. ఊదారంగు పూల అందం చూసి మనుషులే దీన్ని దేశదేశాలకు మోసుకెళ్లారు. 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కు చేరి, అక్కడి నుంచి దేశమంతా పాకింది.

అపోహ: చెరువు పచ్చగా ఉందంటే ఆరోగ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: నీటిపై చాప పరిచినట్టు డెక్క కమ్మేస్తే ఎండ లోపలికి దిగదు, గాలి నీటిలో కలవదు. రాలిన ఆకులు కుళ్లుతూ ఉన్న కాస్త ప్రాణవాయువునూ తినేస్తాయి. చేపలు ఊపిరాడక చస్తాయి. కాలువల్లోనైతే తూముల దగ్గర పోగుపడి, శివారు పొలాలకు నీరందకుండా చేస్తుంది.

అపోహ: మురుగును పీల్చి నీటిని శుభ్రం చేస్తుంది.

వాస్తవం: ఇది సగమే నిజం. దీని వేళ్లు నత్రజని, భాస్వరంతో పాటు సీసం, కాడ్మియం వంటి లోహాలనూ పీల్చుకుంటాయి. కానీ మొక్కను బయటికి తీసేస్తేనే ఆ మేలు దక్కుతుంది. చెరువులోనే కుళ్లితే పీల్చినదంతా తిరిగి నీటిలోకే చేరుతుంది.

అపోహ: దోమలకూ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: ఒక మొక్కను పైకి లాగి చూడండి. ఉబ్బిన కాడను విరిస్తే లోపలంతా గాలి గదులే. అడుగున సన్నని నల్లటి వేళ్లు కుచ్చులుగా వేలాడుతుంటాయి. మాన్సోనియా జాతి దోమల లార్వాలు ఆ వేళ్లలోకి గొట్టం గుచ్చి గాలి పీలుస్తాయి. ఊపిరి కోసం నీటి పైకి రావలసిన పనే లేదు. అందుకే నీటిపై నూనె చల్లినా అవి చావవు. బోదకాలు క్రిముల్లో ఒక రకాన్ని మోసేవి ఈ దోమలే.

అపోహ: ఒక్కసారి తీయిస్తే పీడ విరగడవుతుంది.

వాస్తవం: తల్లి మొక్క నుంచి తీగలు సాగి పిల్లలు పుడతాయి. అనువైన నీటిలో రెండు వారాల్లోనే రెట్టింపవుతాయి. విత్తనాలు బురదలో 20 ఏళ్ల దాకా బతికే ఉంటాయి.

అపోహ: కలుపు మందు కొడితే సరిపోతుంది.

వాస్తవం: అంత పచ్చి మొక్కా ఒక్కసారిగా చచ్చి మునిగితే చేపలకు మరింత ముప్పు. దీన్నే తిని బతికే నియోకెటినా అనే ముక్కు పురుగులను 1980వ దశకంలో మన దేశానికి తెచ్చి కర్ణాటక చెరువుల్లో వదిలారు. అవి పని చేస్తాయి, కానీ ఏళ్లు పడుతుంది.

అపోహ: ఎరువుగానో బుట్టలుగానో మలిస్తే సమస్య తీరుతుంది.

వాస్తవం: మొక్క బరువులో 90 శాతానికి పైగా నీరే. తరలించే ఖర్చే తడిసి మోపెడవుతుంది. ఫ్యాక్టరీ వ్యర్థాలు కలిసే చెరువులోని డెక్కను పశువులకు వేయకూడదు, పొలానికీ వాడకూడదు.

గుర్రపుడెక్కకు బలం మనం వదిలే మురుగు, పొలాల నుంచి కొట్టుకొచ్చే ఎరువులు. వాటిని ఆపకుండా ఏటా డెక్క తీయించడం డబ్బు నీళ్లలో పోయడమే. మీ ఊరి చెరువులోకి మురుగు ఎక్కడి నుంచి వస్తోందో పంచాయతీని, మున్సిపాలిటీని నిలదీయండి. ఇంటి తొట్టెలో ఈ మొక్కను పెంచుతుంటే, వద్దనుకున్న రోజు కాలువలో పారేయకండి. గట్టు మీద పూర్తిగా ఎండబెట్టాకే వదిలించుకోండి.