హైబ్రిడ్ కారు ఊళ్లోనే ఎందుకు ఎక్కువ పొదుపు?

తెనాలి, రేపల్లె, బాపట్ల చుట్టూ నేలంతా చదును, కొండ ఎక్కే పనే లేదు. మరి పెట్రోలు ఎక్కడ వృథా అవుతుంది? ఊళ్లో అయితే చాలా పెట్రోలు ఆగడంలోనే. బజారులో ఆటో అడ్డొచ్చి బ్రేకు వేశామంటే, పెట్రోలు కాల్చి తెచ్చుకున్న వేగమంతా బ్రేకుల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. రైల్వే గేటు పడితే, కారు కదలకుండానే పెట్రోలు తాగుతుంది. పెట్రోలు ఇంజనుతో పాటు ఎలక్ట్రిక్ మోటారు, బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ కారు ఈ రెండు చోట్లా ఆదా చేస్తుంది. బ్రేకు నొక్కగానే చక్రాలు మోటారును తిప్పుతాయి. అది జనరేటరులా పనిచేసి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. మళ్లీ కదిలేటప్పుడు కారును నెట్టేది ఆ కరెంటే. గేటు దగ్గర ఇంజను దానంతటదే ఆగిపోతుంది. 1997లో జపాన్‌లో అమ్మకానికొచ్చిన టయోటా ప్రియస్ హైబ్రిడ్ కిటుకు ఇదే.

బ్యాటరీ కరెంటు ఉచితమే కదా, దాంతోనే బాపట్ల వెళ్లొచ్చుగా అంటారేమో. కుదరదు. ప్లగ్గు లేని హైబ్రిడ్‌లో ఆ కరెంటు కూడా మొదట పెట్రోలు నుంచి వచ్చిందే, పైగా బ్యాటరీ చిన్నది. మోటారు, బ్యాటరీల అదనపు బరువు మాటేమిటి? భారమే, కానీ మోటారు సాయం వల్ల ఇంజను తనకు అనువైన వేగంలో నడుస్తుంది. 2022లో మన దేశంలోకి వచ్చిన మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్‌కు పరీక్షలో లీటరుకు 27.97 కిలోమీటర్లు వచ్చాయి. 45 లీటర్ల ట్యాంకుతో లెక్క 1,250 కిలోమీటర్లు దాటుతుంది. ఏసీ, బరువు, వేగం దాన్ని తగ్గిస్తాయి కాబట్టి ఆ అంకెను పూర్తిగా నమ్మకూడదు. ఖాళీ రోడ్డుపై ఒకే వేగంతో పోతే బ్రేకే పడదు, తిరిగి పట్టుకునే శక్తీ ఉండదు. కాబట్టి రోజూ బజారు రద్దీలో తిరిగేవారికే హైబ్రిడ్ ఎక్కువ లాభం.