బీఎడ్ లెక్క

మౌలాలి నుంచి తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కు బస్సులో వెళ్లి బీఎడ్ చదివాను. ఫీజు ఎలాగో కట్టాం. అసలు ఖర్చు సంపాదన లేని రెండేళ్లు. 2015కు ముందు ఈ కోర్సు ఏడాదే.

మరి రాబడి? తెలంగాణలో 2017 టీచర్ నియామక పరీక్ష (టీఆర్టీ) నోటిఫికేషన్ తర్వాత సర్కారు బడుల టీచర్ పోస్టులకు మళ్లీ పరీక్ష జరిగింది 2024 డీఎస్సీలోనే. మొత్తం 11,062 పోస్టులు. వాటిలో 6,508 ప్రాథమిక తరగతులకు చెప్పే ఎస్జీటీలవి. 2023 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పుతో వాటికి బీఎడ్ అర్హత చాలదు, డీఎడ్ కావాలి. మాకు ప్రధానంగా మిగిలినవి 2,629 స్కూల్ అసిస్టెంట్ పోస్టులే. వస్తే మూలవేతనం 42,300తో మొదలు. రాని నాకు ప్రైవేటు బడిలో పదిహేను వేలు, అదీ వేసవిలో ఉండదు. ఈ తేడా అన్యాయం.

పిల్లలకు పాఠం చెప్పడం ఇష్టమైతే తప్పక చదవండి. అప్పు చేసి మాత్రం చేరకండి.