వాతావరణము - వరి సుడిదోమ

కార్తీక మాసములో వరిచేను చూచుటకు నిండుగా నుండును. వారము గడచునప్పటికి చేని నడుమ కొంత మేర నిప్పు తగిలినట్లు గుండ్రముగా ఎండిపోవును. ఆ సుడి నానాటికి పెద్దదై ప్రక్క మడులకు వ్యాపించును. ఇది సుడిదోమ చేయు పని. పేరునకు దోమయే గాని ఇది మనుష్యులను కుట్టదు. సుమారు 4 మిల్లీమీటర్ల పొడవుగల ఈ గోధుమరంగు పురుగు దుబ్బుల మొదళ్ళను అంటిపెట్టుకొని రసమును పీల్చును.

ఒక యేడు అంతగా కనబడని పురుగు మరొక యేడు ఇంతగా ఎట్లు పెరుగును? ఇందులో వాతావరణమునకు ముఖ్యమైన పాత్ర కలదు.

ఉష్ణోగ్రత

మనుష్యుని శరీరపు వేడి ఎండలోను, చలిలోను సుమారు 37 డిగ్రీల సెంటీగ్రేడు ఉండును. పురుగులకు అట్టి స్థిరమైన వేడి లేదు. గాలి చల్లబడినచో వాని శరీరమును చల్లబడి పెరుగుదల మందగించును. వేడి హెచ్చినకొలది పెరుగుదల త్వరపడును. కాని దీనికి ఒక హద్దు కలదు. సుడిదోమకు 25 నుండి 30 డిగ్రీల వేడి అనుకూలము. అప్పుడు ఒక తరము మూడు, నాలుగు వారములలో ముగియును. వేడి 33 డిగ్రీలు దాటి నిలిచినచో గ్రుడ్లు, పిల్లపురుగులు చాలవరకు నశించును.

ఒక ఆడపురుగు సంతతిలో పది ఆడపురుగులు మాత్రమే బ్రతికినవనుకొందము. రెండు తరములలో అవి నూరు, మూడు తరములలో వేయి అగును. కోతలోపల మూడవ తరము వచ్చునా, రాదా అనుదానిని కొద్ది డిగ్రీల తేడాయే నిర్ణయింపవచ్చును.

వాన, తేమ, గాలి

పెద్దవాన పిల్లపురుగులను నీటిలోనికి కొట్టివేయును. కాని వాన వెలిసిన పిమ్మట మబ్బుపట్టి, గాలి స్తంభించి, ఉక్కగా నుండు దినములు వీనికి మిక్కిలి అనుకూలము. నీరు నిలిచి, యూరియా ఎక్కువై, పైరు గుబురుగా పెరిగినచో దుబ్బుల మొదట ఆ ఉక్క మరింత హెచ్చును.

గాలి ఈ పురుగును దూరదేశములకు కొనిపోవును. జపాను చలికి ఇది బ్రతుకజాలదు. అయినను ప్రతి యేడు జూన్, జూలై మాసములలో నైరుతి గాలులతో చైనానుండి సముద్రము దాటి అచ్చటికి చేరును. 1967లో నడిసముద్రమున నున్న జపాను వాతావరణ పరిశీలక నౌకవద్ద ఇవి గుంపులుగా కనబడినవి. ఇట్లు వచ్చునవి పొడవు రెక్కలవి. మంచి పైరు దొరికిన పిమ్మట వాని సంతతిలో పొట్టిరెక్కల ఆడపురుగులు పుట్టును. ఇవి ఎగురజాలవు, గ్రుడ్లు మాత్రము ఎక్కువగా పెట్టును. పైరు ఎండుటకు మొదలిడగానే మరల పొడవు రెక్కలవి పుట్టి వేరుచోటికి పోవును.

రైతు చేయదగినది

ఆకాశమును మార్చుట మన చేతిలో లేదు. దుబ్బుల మొదటనున్న వాతావరణమును కొంత మార్చవచ్చును. ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున తూర్పు పడమరలుగా బాటలు విడిచినచో గాలి, వెలుతురు లోనికి పోవును. అప్పుడప్పుడు నీరు తీసి మడిని ఆరబెట్టుటయు మేలు. అవసరము లేకయే మందు చల్లినచో సుడిదోమను తిను సాలీళ్ళు, దాని గ్రుడ్లను పీల్చు మిరిడ్ నల్లులు చచ్చి, దోమ మరింత పెరుగును. అందుచేత ఉక్క దినములలో ముందుగా చేయవలసినది దుబ్బులను వంచి మొదళ్ళను పరీక్షించుట.

విద్యార్థులు ఒక ఉష్ణమాపకమును గట్టుమీద నీడలోను, మరొకదానిని దుబ్బుల మొదటను ఉంచి వారము దినములు కొలతలు వ్రాసికొనవచ్చును. పురుగు నివసించు వాతావరణము మనము గట్టుమీద నిలిచి అనుభవించునది కాదని అప్పుడు స్పష్టమగును.